కాలు ఆనని చోట

మాస్క్‌లోకి ఉప్పునీరు ఒక్క చుక్క జారితే చాలు, ఈతరాని మనిషి ముందు లేచి నిలబడబోతాడు. అది ఆలోచించి చేసే పని కాదు, ఒళ్లు తనంతట తాను చేసే పని. ఛాతీలోతు నీళ్లలో కాలు నేల కోసం వెతుకుతుంది. ఇసుక తగిలితే ఇబ్బంది లేదు. తగిలింది పగడమైతే, ఒక్క అడుగు కింద ఏళ్ల తరబడి పేరుకున్నది పొడి అవుతుంది. బంతిలా గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మందాన పెరుగుతాయి. తలకాయంత పగడపు బండ కావడానికి పదేళ్ల దాకా పడుతుంది. కొమ్మలుగా పెరిగేవి ఇంకా త్వరగా ఎదుగుతాయి, అంత తేలిగ్గానూ విరుగుతాయి. సెలవులకు అండమాన్‌కో లక్షద్వీపాలకో బయలుదేరే ముందు స్నార్కెలింగ్ సామాను ఎలా ఎంచుకోవాలన్నది మనకు అంగడి ప్రశ్నగానే తోస్తుంది. ఏ కంపెనీది, ఎంత ధర, ఏ రంగు అని అడిగి ఊరుకుంటాం. నిజానికి అది ధర్మం ప్రశ్న. ఎందుకంటే ఆ కాలు నేల వెతుక్కోవలసిన అవసరం వస్తుందా రాదా అన్నది సముద్రంలో తేలేది కాదు. అంతకు చాలా ముందే, మాస్క్ కొన్న దుకాణంలో సగం తేలిపోయి ఉంటుంది.

హాని ఎవరికి జరుగుతోందో ముందు చూద్దాం. పగడం రాయిలా కనిపిస్తుంది, కానీ అది జంతువు. చిన్న చిన్న జీవులు వేలకు వేలు కలిసి సున్నపు గూడు కట్టుకుని, పైన పలచటి పొరలా బతుకుతాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండను పట్టి తిండి వండిపెట్టేది ఆ నాచే, రంగులో చాలా భాగం దానిదే. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడు అది తెల్లబోతుంది. కొన్నాళ్లకు వేడి తగ్గితే కోలుకోవచ్చు, తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో ఈ దిబ్బలు కట్టే పగడాలకు రక్షణ కల్పిస్తోంది. దక్షిణ అండమాన్‌లో వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో సందర్శకులను జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు ఏడాదిలో వంతులవారీగా అనుమతిస్తారు. ఒక దీవి జనాన్ని చూస్తున్నప్పుడు రెండోది ఊపిరి పీల్చుకుంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీవిజయపురం అంటున్న ఊళ్లో, తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ నీళ్లు మనకు మరీ పరాయివి కావు. అయితే చట్టం పగడాన్ని కాపాడమంటుంది, పార్కు దీవికి విశ్రాంతినిస్తుంది. నీళ్లలో బోర్లా పడుకున్న మనిషి మోకాలికీ పగడపు కొమ్మకూ మధ్య ఉండే జానెడు ఖాళీని మాత్రం ఏ అధికారీ కాయలేడు. దాన్ని కాయవలసింది ఆ మనిషే.

తెలియక తొక్కినదానికి పాపమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. దీనికి మన భాషలోనే ఒక జవాబు దాగి ఉంది. ఇవాళ ‘ప్రమాదం’ అంటే ఎవరి తప్పూ లేకుండా జరిగిపోయిన ఆపద. బస్సు ప్రమాదం, అగ్ని ప్రమాదం అంటాం. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. ఉమాస్వాతి రాసిన జైన గ్రంథం తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించింది ఈ మాటతోనే. కోపంతో కొట్టడం ఒక్కటే హింస కాదు, ఏమరుపాటుగా మెలగడం వల్ల ప్రాణికి చేటు జరిగితే అదీ హింసే అన్నది దాని సారం. నింద లేని చోట మనం వాడుకుంటున్న మాట ఒకప్పుడు నిందకే పేరు. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. ఏమరుపాటు లేకుండా, చేయగలిగిన జాగ్రత్తలన్నీ చేశాక కూడా ఏదైనా జరిగితే జైన ఆలోచన దాన్ని అదే తప్పుగా లెక్కించదు. అంటే తూకం కాలు పడిన క్షణం మీద పడదు, ఆ కాలు పడకుండా ముందు ఏం చేశావన్న దాని మీద పడుతుంది. సామాను ఎంపిక ఆ ‘ముందు’లోకి వస్తుంది. పెళ్లికి వెళుతూ దీపం ఆర్పడం మరిచినవాడు ఇల్లు కాలుతున్నప్పుడు తాను ఊళ్లోనే లేనని చెప్పుకుంటే ఎంత చెల్లుతుందో, అనుకోకుండా తొక్కానన్న మాటా అంతే చెల్లుతుంది.

పనిముట్టును ఈ దృష్టితో చూడటం మనకు కొత్త కూడా కాదు. శ్వేతాంబర జైన సాధువులు చేతపట్టే ఉన్ని కుంచె కూర్చునే చోటున్న చీమను సుతారంగా పక్కకు తప్పించడానికి. నోటికి అడ్డం పెట్టుకునే గుడ్డ తన ఊపిరి ధాటికి చిన్న ప్రాణులు చావకుండా. అడుగు ఎలా వేయాలి, వస్తువును ఎలా తీయాలి, ఎలా పెట్టాలి అన్నవాటికి కూడా వాళ్లకు ‘సమితులు’ అనే నియమాలున్నాయి. బౌద్ధ భిక్షువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. తాగే నీటిలోని పురుగు కడుపులోకి పోకూడదన్నది అందులో ఉద్దేశం. కొలనుపాక జైన క్షేత్రమూ నాగార్జునకొండ విహారాలూ ఉన్న తెలుగు నేల మీద ఇలాంటి సామానుతో మనుషులు శతాబ్దాల పాటు తిరిగారు. మనం సామాను కొనేటప్పుడు అది నన్ను దేనినుంచి కాపాడుతుంది అని అడుగుతాం. వాళ్ల సామాను వెనక ఉన్న ప్రశ్న వేరు: ఇది నానుంచి ఎవరిని కాపాడుతుంది? స్నార్కెలింగ్ సామానును ఈ రెండు ప్రశ్నలతోనూ పరీక్షించాలి. చాలాచోట్ల రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. కొన్నిచోట్ల మాత్రం రాదు.

రెండూ కలిసే చోటు మాస్క్. నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసక మసకగా ఉండటానికి కారణం ఉప్పు కాదు. కంటికి చూపును కుదించే శక్తిలో మూడింట రెండు వంతులు ముందుభాగపు పారదర్శక పొరది. గాలిలోంచి ఆ పొరలోకి వచ్చేటప్పుడు వెలుగు బాగా వంగుతుంది, నీళ్లలోంచి వస్తే దాదాపు వంగదు. మాస్క్ చేసే పనల్లా కంటిముందు కాస్త గాలిని నిలపడమే. అంటే నీటి అడుగునా మనం మన గాలిలోంచే చూస్తున్నాం. గౌతముని న్యాయసూత్రాల్లో ఒక పాత వాదం ఉంది. గాజు, అభ్రకం, స్ఫటికం వెనక ఉన్న వస్తువు కూడా కనిపిస్తుంది కదా, అలాంటప్పుడు కంటికి వస్తువుతో సంబంధం అక్కర్లేదేమో అని పూర్వపక్షి అడుగుతాడు. తేటగా ఉన్న వస్తువు అడ్డం కాదు, సంబంధం దానిగుండానే ఏర్పడుతుందని సిద్ధాంతి జవాబు. మాస్క్ విషయంలో ఈ జవాబు ముప్పాతిక నిజం. గాజు చూపును ఇస్తుంది, ఇస్తూ కొంత వంచిస్తుంది. వెలుగు నీటిలోంచి గాలిలోకి వంగి రావడం వల్ల వస్తువు మూడో వంతు పెద్దదిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. చేతికి అందుతుందనుకున్న పగడం నిజంగా ఇంకాస్త అవతల ఉంటుంది. అందుకోబోయి తూలడానికి ఆ కాస్త తేడా చాలు. ఏ ప్రమాణమైనా, అంటే తెలుసుకునే ఏ సాధనమైనా, తన దోషాన్ని తాను చెప్పదు, దాన్ని తెలుసుకుని వాడటం ద్రష్ట పని.

మాస్క్ ముఖానికి సరిపోయిందో లేదో తెలుసుకునే పరీక్షకు కాణీ ఖర్చు లేదు. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చెయ్యి వదిలేయాలి. ఊపిరి బిగబట్టినంతసేపూ అది ముఖాన్ని పట్టుకుని ఉంటే సరిపోయినట్టు. జారితే, ఎంత ఖరీదైనదైనా అది ఆ ముఖానికి పుట్టినది కాదు. మీసమున్న మగవాళ్లకు ఇది ఇంకా కష్టం, వెంట్రుకల సందుల్లోంచి నీరు దారి చేసుకుంటుంది. కళ్లద్దాల కాడలు మాస్క్ అంచును లేపేస్తాయి కాబట్టి దూరపుచూపు సరిగా లేనివాళ్లు తమ పవరున్న అద్దాల మాస్క్ తీసుకోవాలి. ఈతకొలనులో పెట్టుకునే కళ్లజోడు ఇక్కడ పనికిరాదు. ముక్కు దాని లోపల ఉండదు కాబట్టి, లోతుకు వెళ్లేకొద్దీ కళ్ల మీద పెరిగే ఒత్తిడిని ఊదుకుని సరిచేసుకునే వీలుండదు. ఇవన్నీ సౌకర్యానికి సంబంధించిన మాటల్లా ఉన్నాయి. కానీ నీరు కారని మాస్క్ వేసుకున్నవాడు లేచి నిలబడడు. నీళ్ల మీద ఆకులా పడి ఉంటాడు. అలా పడి ఉన్నవాడికి చేపలు దగ్గరగా వస్తాయి, పగడానికి అతని వల్ల భయం ఉండదు. అతని సుఖమూ దాని క్షేమమూ ఇక్కడ ఒకటే.

శ్వాసగొట్టం నేర్పేది వేరే పాఠం. కొత్తవాళ్లకు కలిగే సందేహం అందరికీ తెలిసిందే: గొట్టం ఇంకా పొడుగ్గా ఉంటే ఇంకా లోతుకు పోవచ్చు కదా? పోలేం. నీటిలో ఒక్క మీటరు దిగితే ఛాతీ మీద వాతావరణ పీడనంలో పదో వంతు అదనంగా పడుతుంది. ఆ బరువును ఎత్తుతూ పైనున్న మామూలు గాలిని లోపలికి లాగే బలం పక్కటెముకల కండరాలకు ఎంతోసేపు ఉండదు. పైగా గొట్టం పెరిగేకొద్దీ వదిలిన గాలి అందులోనే నిలిచిపోయి, మళ్లీ దాన్నే పీలుస్తాం. మామూలుగా ఒక ఊపిరిలో వెళ్లేది అర లీటరు గాలే. అందుకే గొట్టాలు ముప్పయ్యైదు, నలభై సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి. ఆ హద్దు పెట్టింది తయారీదారు కాదు, మన ఒళ్లు. హద్దును ఒప్పుకోని కోరిక ఇంకోవైపు తిరిగి, కవాటాలూ మూతలూ తగిలించిన గొట్టాలుగానూ ముఖమంతా కప్పే మాస్క్‌లుగానూ బజారుకొచ్చింది. ముఖమంతా కప్పేదాన్ని, మామూలు గొట్టాన్ని నోటిలోంచి ఉమ్మేసినట్టు, ఒక్క క్షణంలో వదిలించుకోలేం, దానితో మునగడమూ కుదరదు. హవాయి రాష్ట్ర ఆరోగ్యశాఖ నిధులతో జరిగిన స్నార్కెల్ భద్రతా అధ్యయనం, గాలి పీల్చేటప్పుడు సాధనం ఎంత అడ్డుపడుతుందన్నది ప్రాణాపాయ కారణాల్లో ఒకటని గుర్తించింది. గుండెజబ్బు వంటివి ఉన్నవాళ్లు ఆయాసపడుతూ బిగుతుగా గాలి లాగితే, నీరు మింగకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చట. అపరిగ్రహం అంటే వస్తువులు లేకపోవడమని పొరబడుతుంటాం. అక్కర్లేని వస్తువు ఊపిరికే అడ్డు అన్నది ఇక్కడ ఉపమానం కాదు, శరీరశాస్త్రం.

రెండు ప్రశ్నలూ విడిపోయే చోటు చేతి తొడుగుల దగ్గర కనిపిస్తుంది. పగడం గీసుకుంటే చెయ్యి కోసుకుపోతుంది, కొన్ని రకాలు మండిస్తాయి కూడా. అందుకని తొడుగు వేసుకోవడం వివేకంలాగే ఉంటుంది. కానీ కరీబియన్ సముద్రంలోని బొనెయిర్ మెరైన్ పార్కులో డైవర్లు చేతి తొడుగులు వేసుకోకూడదని నియమం. కారణం తేలిక. ఉత్త చెయ్యి భయపడుతుంది, తొడుగున్న చెయ్యి పట్టుకుంటుంది. మన చర్మపు మెత్తదనమే పగడానికి కాపలా. గట్టి అడుగున్న నీటి బూట్లదీ ఇదే కథ, అవి నిలబడటానికి ధైర్యమిస్తాయి. ఈతరెక్కలు, అంటే ఫిన్స్, తగుమాత్రంగా ఉంటే మంచివే. కానీ పొడుగాటివి కొత్తవాడి కాలికి కట్టిన చీపుళ్లు. తన కాలు ఎక్కడిదాకా ఉందో తనకే తెలియదు. డైవర్లను వెంబడించి గమనించినవాళ్లకు పగడాలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ రెక్కల వల్లేనని తేలింది. రెక్క తగలకపోయినా అది లేపిన ఇసుక పగడం మీద కూర్చుని ఊపిరాడకుండా చేస్తుంది. లైఫ్ జాకెట్ మాత్రం మళ్లీ ఇద్దరినీ కాపాడుతుంది. అది వేసుకోవడం నామోషీ అనుకునేవాళ్లు గ్రహించవలసింది ఇది: తేలేవాడికి నేల అక్కర్లేదు.

ఒంటికి రాసుకునేదీ సామానే. ఎండకు ఒళ్లు కమలకుండా పూసుకునే కొన్ని క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలు పగడపు పిల్లలకు చేటు చేస్తాయని ప్రయోగశాలలో చూశారు. పలావు దేశం 2020లో, హవాయి 2021లో అలాంటి క్రీముల అమ్మకాన్ని ఆపాయి. సముద్రంలో అవి ఉండే మోతాదుకు అంత హాని ఉందా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగని వాదమే. కానీ తెగేదాకా ఆగవలసిన పని లేదు. పొడుగుచేతుల బిగుతు చొక్కా వేసుకుంటే వీపంతా క్రీము పూసుకునే అవసరమే తప్పుతుంది. ఇక్కడ మన ఇళ్లలోని మడి గుర్తుకొస్తుంది. మడి కట్టుకున్నవాళ్లు ఎవరినీ తాకరు, ఎవరూ తమను తాకనివ్వరు. ఎదుటివాడి వల్ల నేను మైలపడతానన్న భయం దానికి పునాది. ఆ భయం కులం పేరుతో మనుషులకు చేసిన అన్యాయం తక్కువది కాదు. పగడాల దగ్గర ఆ మడి తలకిందులవుతుంది. మైల నాది. ఎదుటి ప్రాణి నావల్ల చెడకూడదని నేను బట్ట కట్టుకుంటాను, చెయ్యి దగ్గరికి తీసుకుంటాను. తాకకపోవడం గర్వం నుంచి కాక మర్యాద నుంచి పుడితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

ఇదంతా గోరంతను కొండంత చేయడం కాదా అన్నది బలమైన ఆక్షేపణ. పగడాలను చంపుతున్నది వేడి. ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబోతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, లక్షద్వీపాలూ ఆ ఏడాది ఆ వేడిని చూశాయి. అలాంటప్పుడు ఒకడి మడమ లెక్కేమిటి? ఈ వాదంలో నిజం ఉంది. ఆ దీవికి తీసుకెళ్లే విమానం పొగ కూడా ఆ వేడిలో భాగమే, మంచి మాస్క్ కొన్నంత మాత్రాన అది కడుక్కుపోదు. కానీ పెద్ద తప్పు చిన్న తప్పుకు మాఫీ ఇవ్వదు. జ్వరపడ్డ మనిషిని జ్వరమే చంపుతుంది కదా అని మంచాన్ని తన్నం. నిజానికి అప్పుడే మెల్లగా నడుస్తాం. వేడి తగ్గాక కోలుకోవలసిన దిబ్బకు విరిగిన కొమ్మా పైన పడ్డ ఇసుకా అదనపు బరువు. ఇంకో సంగతి, వేడికి కారకులం కోట్లమందిమి కాబట్టి అందులో నా వంతు వేరు చేసి చూపడం కష్టం. నా మడమ కింద విరిగినదానికి పంపకం లేదు. ఫలానావాడిదని వేలు పెట్టి చూపగలిగిన కర్మ అది ఒక్కటే.

అంత బాధ ఉంటే వెళ్లకుండా ఉండటమే ఉత్తమం కదా అంటారు ఇంకొందరు. ఉత్తమమే కావచ్చు. వెళ్లి చూసినవాళ్లకే ప్రేమ పుడుతుంది, ప్రేమ పుట్టినవాళ్లే కాపాడతారు అన్న వాదాన్ని ఇక్కడ అరువు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. చూసి ఫొటో తీసుకుని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. జైన ధర్మం ఈ చిక్కును వేరే తీరున విప్పింది. సాధువుకు మహావ్రతాలు పెట్టింది, గృహస్థుకు అణువ్రతాలు పెట్టింది. గృహస్థు దున్నుతాడు, వండుతాడు, ప్రయాణం చేస్తాడు. కొంత హింస అతని బతుకులోనే ఉంది. దాన్ని ఒప్పుకుంటూ, తప్పించగలిగినదాన్ని తప్పించమని అతన్ని అడిగింది. అణువ్రతం మహావ్రతానికి చౌకరకం నకలు కాదు. అది మనుషుల్లో తిరిగే మనిషికి చెప్పిన ధర్మం. వెళ్లకూడదనుకున్నవాడికి సామాను ప్రశ్నే లేదు. వెళ్లేవాడికి, ఎలాగూ వెళుతున్నాను కనుక ఏదైనా ఒకటే అనే వెసులుబాటు లేదు.

చివరి ఆక్షేపణ ఇంకా లోతైనది. అండమాన్ సముద్రంలో బర్మా, థాయ్‌లాండ్ తీరాల్లో బతికే మోకెన్ జాతి పిల్లలకు మాస్క్ లేకుండానే నీటి అడుగున స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ల చూపు యూరప్ పిల్లల చూపుకు రెట్టింపు నిశితమని స్వీడన్‌కు చెందిన ఆనా యిస్లెన్ బృందం 2003లో ప్రకటించింది. వాళ్లు కంటిపాపను బాగా చిన్నది చేసి, లోపలి కటకాన్ని చివరికంటా బిగిస్తారు. మరి సామాను అంటేనే సముద్రానికి పరాయివాళ్లమని ఒప్పుకోవడం కాదా? అవును, ఒప్పుకోవడమే. అయితే ఆ కథకు రెండో సగం ఉంది. శిక్షణ ఇస్తే యూరప్ పిల్లలకూ ఆ చూపు అలవడిందని అదే బృందం తర్వాత చూపించింది. అంటే మోకెన్ పిల్లలకున్నది కేవలం పుట్టుకతో వచ్చిన వరం కాదు, అభ్యాసం. వాళ్లు సాధన చేసి ఒంట్లో ఇముడ్చుకున్నదాన్ని మనం డబ్బిచ్చి కొంటున్నాం. కొన్నది ఒంటికి అలవాటు కాకపోతే ఆ కొనుగోలు సగమే అయినట్టు. హైదరాబాదులోనో విశాఖలోనో ఒక ఈతకొలనులో, గచ్చు మీద తప్ప మరెక్కడా కాలు పడే వీలులేని చోట, మాస్క్ పెట్టుకుని ముఖం ముంచి, కావాలనే లోపలికి కాస్త నీరు రానిచ్చి, నిలబడకుండా ముక్కుతో ఊది దాన్ని బయటికి పంపడం నేర్చుకోవచ్చు. పది పన్నెండుసార్లు చేస్తే ఒంటికి కొత్త అలవాటు పడుతుంది. సముద్రంలో మాస్క్‌లోకి మళ్లీ చుక్క జారుతుంది, ఏ మాస్క్‌లోకైనా ఎప్పుడో ఒకప్పుడు జారక తప్పదు. అప్పుడు కాలు కిందికి దిగదు. ముక్కులోంచి కాస్త గాలి బుడగలుగా పైకి పోతుంది, కింద పగడం తన మానాన తాను ఉంటుంది.